ముందు ఆగాలి, తర్వాతే పరుగు: పాత ఫోర్డుతో హాట్ రాడ్ కట్టే వరస

సాంప్రదాయ హాట్ రాడ్ అనగానే చాలామంది కళ్లముందు మెదిలేది తుప్పు పట్టిన బాడీ, మాసిన ప్రైమరు, బానెట్ తీసేసిన ఇంజన్ మీద వరసగా నిలబడ్డ మూడు కార్బురేటర్లు. ఇవన్నీ ఉన్నంత మాత్రాన ఏ బండీ సాంప్రదాయం అయిపోదు. ఇవేవీ లేకుండా అచ్చంగా సాంప్రదాయమైన బండి కట్టొచ్చు కూడా. ఈ మాట గట్టిగా చెప్పాలి. పాతగా కనిపించేలా చేయడమే పాత పద్ధతి అనుకుని మంచి బండ్లను పాడుచేస్తున్నవాళ్లు ఎక్కువైపోయారు.

హాట్ రాడ్ సంగతి తెలియనివాళ్లకు క్లుప్తంగా చెబుతాను. 1930ల్లో, 40ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు చవగ్గా దొరికే పాత ఫోర్డు కొనేవాళ్లు. మడ్‌గార్డులు, బంపర్లు, విండ్‌షీల్డు ఊడదీసి బరువు తగ్గించేవాళ్లు. ఇంజన్‌కి బలం పెంచి మురాక్ అనే ఎండిన సరస్సు మీద గడియారానికి ఎదురు పరిగెత్తించేవాళ్లు. ఆ క్లబ్బులు కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. యుద్ధంతో మురాక్ సైన్యం చేతికి పోయింది. తర్వాత పందేలు ఎల్ మిరాజ్‌లో జరిగాయి, 1949 నుంచి యూటాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో కూడా.

వాళ్లు పాత సామాన్ల యార్డుకు వెళ్లి ఒక బండి బ్రేకులు, ఇంకో బండి గేర్‌బాక్సు, మరో బండి ఇంజన్ ఏరుకొచ్చేవాళ్లు. అవి ఒకదానికొకటి అంత తేలిగ్గా అమరడానికి కారణం ఉంది. ముందూ వెనకా అడ్డంగా పడుకున్న ఒక్కో కమాను కట్ట, ముందు గట్టి ఇరుసు, వెనక్కి శక్తిని తీసుకెళ్లే షాఫ్టును గొట్టంలో దాచిన టార్క్ ట్యూబు: ఈ మూడు పద్ధతుల్నీ ఫోర్డు 1948 మోడల్ దాకా వదల్లేదు. 1949 మోడల్‌లో మూడింటినీ ఒకేసారి వదిలేసింది. అందుకే 1928 బండికి 1940 బ్రేకులు కొద్ది పనితో సరిపోతాయి, 1950 ముందు భాగం సరిపోదు. సాంప్రదాయం అని మనం పిలిచే దాని సరిహద్దు ఇక్కడుంది. ఇది ఇంజనీరింగ్ గీసిన గీత, ఫ్యాషన్ గీసినది కాదు. ఒక భాగం ఎందుకు అక్కడుందో చెప్పగలిగితే ఆ బండి సాంప్రదాయం. చెప్పలేకపోతే అది వేషం.

ఇక్కడ నేను తీసుకుంటున్నది 1928-31 మోడల్ ఎ రోడ్‌స్టర్. దానిలో 59ఎ రకం ఫ్లాట్‌హెడ్ వి8, అంటే 1946-48 ఫోర్డు బండ్లలో వచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్. ఈ జోడీని ఎ-వి8 అంటారు, ఈ విద్యకు ఇదే ఓనమాలు. మోడల్ ఎ సొంత ఇంజన్ నాలుగు సిలిండర్లది, 40 హార్స్‌పవర్. 1946-48 ఫోర్డు వి8 100 హార్స్‌పవర్. బలాన్ని రెండున్నర రెట్లు చేస్తున్నప్పుడు బండిలో మిగతావన్నీ ఎలా ఉండాలన్నదే అసలు ప్రశ్న.

ముందు ఏ బండిని ఎంచుకోవాలి. మోడల్ ఎ 48 లక్షలకు పైగా తయారైంది కదా, ఒకటి కోస్తే ఏం పోయిందని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మడ్‌గార్డులు, ఇంజన్, లోపలి సీట్లు అన్నీ పుట్టినప్పటివే ఉన్న బండిని కోస్తే మళ్లీ వెనక్కి రాదు. సగం పోయిన బండి తీసుకోండి. ఇంజన్ లేనిది, మడ్‌గార్డులు ఎప్పుడో పోయినవి, 1950ల్లోనే ఎవరో కోసి వదిలేసినవి అమెరికాలో ఇంకా దొరుకుతున్నాయి. ఒహాయోలోని బ్రూక్‌విల్ సంస్థ మోడల్ ఎ రోడ్‌స్టర్ బాడీని కొత్త స్టీలుతోనే కొట్టి అమ్ముతోంది. ఇక బతికున్న బండిని చంపాల్సిన అవసరం ఎవరికీ లేదు. కొనేటప్పుడు ఛాసిస్ ఎడమ ఛానల్ పైభాగంలో, డ్యాష్ గోడ దగ్గర బాడీ కింద దాగి ఉండే నంబరు చూసుకోండి. కాగితాల్లో ఉన్నదీ అదే అయ్యుండాలి. ఛాసిస్ శుభ్రం చేసేటప్పుడు ఆ చోట గ్రైండరు పెట్టొద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది అందుబాటులో ఉన్న పని. హైదరాబాదులోనో విజయవాడలోనో చేయాలనుకునేవాళ్లు మాత్రం చట్టం చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండికి ‘విఎ’ నంబరు ఇస్తాయి, కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే ఇక్కడ దొరికిన పాత ఫోర్డును కోసి హాట్ రాడ్ చేస్తే, రోడ్డు హక్కూ పోతుంది, వింటేజ్ హోదా కూడా పోతుంది. ఇక్కడ ఉన్న పాత బండిని ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడమే సరైన పని.

ఇక ఛాసిస్. మోడల్ ఎ ఛాసిస్ అంటే రెండు సి ఆకారపు ఛానళ్లు, వాటి మధ్య మూడు అడ్డ దూలాలు. ఐమూలగా ఏ ఆధారమూ లేదు. 40 హార్స్‌పవర్‌కి అది సరిపోయింది. వి8 పెట్టి గట్టిగా క్లచ్ వదిలితే ఛాసిస్ మెలితిరుగుతుంది. రోడ్‌స్టర్‌కి పైకప్పు ఉండదు కాబట్టి ఆ మెలిక నేరుగా తలుపు సందుల్లో కనిపిస్తుంది. పరిష్కారం సి ఛానల్ తెరిచి ఉన్న వైపును 3 మిల్లీమీటర్ల రేకుతో మూసి పెట్టెలా చేయడం, మధ్యలో ఐమూల దూలం వేయడం.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రేకు పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరికి ఏకబిగిన వెల్డింగు కొట్టేస్తారు. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. వెల్డు లోపలి వైపు పడుతుంది కాబట్టి ఛానల్ విల్లులా వంగిపోతుంది. తర్వాత ఎంత లాగినా సరిగ్గా నిలవదు. చేయాల్సిన విధం ఇది: ఛాసిస్‌ని సమతలంగా ఉన్న బలమైన స్టీలు బల్ల మీద బిగించండి. రేకును ప్రతి 150 మిల్లీమీటర్లకు చుక్క వెల్డుతో నిలపండి. తర్వాత 25 మిల్లీమీటర్ల ముక్కలుగా వెల్డు వేయండి. ఒక ముక్క ఎడమ ఛానల్ ముందు, తర్వాతది కుడి ఛానల్ వెనక, ఇలా దూరం దూరంగా. చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే పక్క ముక్కకు వెళ్లండి. తర్వాత తాపీ మేస్త్రీల తూకం గుండు వేలాడదీసి నాలుగు మూలల గుర్తులూ నేల మీదకు దించి ఐమూల కొలతలు చూడండి. రెండింటికీ తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. మూసేయకముందే బ్రేకు పైపు క్లిప్పులకు నట్లు లోపల వెల్డు చేసుకోండి, అడుగున నీళ్లు కారే రంధ్రాలు పెట్టండి. ఇది మరిస్తే ఆ పెట్టె లోపల్నుంచి తుప్పు పడుతుంది, బయటికి కనబడదు. ఐమూల దూలాన్ని ఆఖరి వెల్డు చేసేముందు బాడీని ఎక్కించి తలుపులు మూసి సందులు చూసుకోవాలి. రంగు వేశాక చూద్దాంలే అనుకున్నవాళ్లు మళ్లీ మొదటికి వస్తారు.

ముందు ఇరుసు మన లారీల ముందు ఇరుసులాంటిదే. ఐ ఆకారంలో కొట్టి చేసిన ఉక్కు, రెండు చివర్లా చక్రాలు పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్లు. బండి ముక్కు కిందికి దిగడానికి ఆ ఇరుసు చివర్లను సాగదీసి పైకి వంచుతారు, దాన్నే డ్రాప్‌డ్ యాక్సిల్ అంటారు. 3 నుంచి 4 అంగుళాల దిగుడు మామూలు. ఇరుసు మారిస్తే స్టీరింగ్ ఆర్ములు కూడా కిందికి వంచుకోవాలి, లేదంటే రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ విష్‌బోన్‌కి తగులుతుంది.

విష్‌బోన్ అంటే ఇరుసును వెనక మధ్యలో ఉన్న ఒక్క బంతికి కట్టిపెట్టే వి ఆకారపు దండం. వి8 గేర్‌బాక్సు వచ్చి ఆ బంతి చోటును ఆక్రమిస్తుంది. కాబట్టి దాన్ని రెండుగా చీల్చి ఒక్కో కాలును ఒక్కో ఛానల్‌కి కడతారు. ఇలా చేశాక ఒక చక్రం గతుకు ఎక్కితే ఇరుసు మెలిపడక తప్పదు. ఐ ఆకారపు ఇరుసు ఆ మెలికను ఓర్చుకుంటుంది. గొట్టం ఇరుసు ఓర్చుకోదు, ఆ బలమంతా దండాల మొదళ్ల మీద, వెల్డుల మీద పడుతుంది. చూడ్డానికి బాగుందని గొట్టం ఇరుసుకు చీల్చిన విష్‌బోన్ కట్టడం ప్రమాదం. పాతవాళ్ల లెక్క ఎంత సరైందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

ఈ బండ్లను ఎక్కువగా వేధించే జబ్బు చక్రాల ఊగుడు. గంటకు 60, 70 కిలోమీటర్ల దగ్గర చిన్న గతుకు తగిలితే ముందు చక్రాలు రెండూ కొట్టుకోవడం మొదలెట్టి స్టీరింగ్ చేతుల్లోంచి లాగేసుకుంటుంది. చాలామంది దీనికి స్టీరింగ్ డ్యాంపర్ బిగించి సరిపెట్టుకుంటారు. డ్యాంపర్ జబ్బును దాచిపెడుతుంది, పోగొట్టదు. కింగ్ పిన్ పై కొస వెనక్కి వాలి ఉండాలి, దాన్ని కాస్టర్ అంటారు. 5 నుంచి 7 డిగ్రీలు ఉండాలి. మోడల్ ఎ ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య నిడివి 103.5 అంగుళాలు. ఛాసిస్ ముక్కు వెనకతో పోలిస్తే దాదాపు 1.8 అంగుళాలు దిగిన ప్రతిసారీ ఛాసిస్ ఒక డిగ్రీ వాలుతుంది, ఆ ఒక డిగ్రీ కాస్టర్‌లోంచి పోతుంది. డ్రాప్‌డ్ యాక్సిల్‌తో 4 అంగుళాలు దించి, వెనక పెద్ద టైర్లు వేసినవాళ్లు తెలియకుండానే మూడు డిగ్రీల దాకా పోగొట్టుకుంటారు. అందుకే ఇంజన్, రేడియేటర్, అసలు టైర్లు అన్నీ ఎక్కి బండి తన ఎత్తులో నిలబడ్డాక కాస్టర్ కొలవాలి. తక్కువైతే చీల్చిన విష్‌బోన్ వెనక కొసల్ని కిందికి దించితే పెరుగుతుంది. ముందు చక్రాల ముందు వైపు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత, అంటే టో-ఇన్, 1.5 నుంచి 3 మిల్లీమీటర్లు. కమాను కట్ట వేలాడే షాకిళ్లు బరువు పడ్డాక దాదాపు 45 డిగ్రీల వాలులో ఉండాలి. నిటారుగా ఉంటే బండి పక్కలకు ఊగుతుంది, బాగా పడుకుంటే కట్ట బిగిసిపోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఊగుతోందంటే కింగ్ పిన్ బుష్షులు, టై రాడ్ కొసలు, స్టీరింగ్ బాక్సు అరుగుదల చూడాలి. మోడల్ ఎ సొంత బాక్సు వందేళ్ల వయసుకు దగ్గరైంది. 1948-52 ఫోర్డు ఎఫ్-1 పికప్ బాక్సు చాలామంది నమ్ముకున్నది, నేనూ దానికే ఓటేస్తాను. స్టీరింగ్ బాక్సు నుంచి ఇరుసుకు వెళ్లే కడ్డీ, అంటే డ్రాగ్ లింక్, పక్కనుంచి చూసినప్పుడు విష్‌బోన్ కాలుకు సమాంతరంగా ఉండాలి. లేదంటే ప్రతి గతుక్కీ బండి తనంతట తానే తిరుగుతుంది.

ఇప్పుడు బ్రేకులు. డబ్బు పరిమితంగా ఉంటే మొదట ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే అంటాను. మోడల్ ఎ బ్రేకులు కడ్డీలతో లాగేవి. ఫోర్డు హైడ్రాలిక్ బ్రేకులు 1939లో మొదలయ్యాయి. 1940-48 డ్రమ్ములైతే చక్రం బోల్టులు 5.5 అంగుళాల వలయంలో అయిదు ఉంటాయి, 16 అంగుళాల స్టీలు చక్రాలు నేరుగా పడతాయి. 1939 నాటి పెడల్ సెట్టు ఇంకా మేలు. పెడల్ ఒత్తిడిని బ్రేకు నూనెకు అందించే మాస్టర్ సిలిండర్ పాదాల కింద దాగి ఉంటుంది, ఆ ఏటి గేర్‌బాక్సుకు గేరు కర్ర నేల మీదే ఉంటుంది. 1940లో అది స్టీరింగ్ కాలమ్ మీదికి ఎక్కింది.

ఈ ఫోర్డు హైడ్రాలిక్ బ్రేకులు లాక్‌హీడ్ రకం, వీటిలో ఒక్కో షూకి కింద విడి ఆధారం ఉంటుంది. పైనా కిందా రెండు చోట్ల సర్దుబాటు ఉంటుంది. పై సర్దుబాటు ఒక్కటే తిప్పి వదిలేస్తే షూ ఒక కొస మాత్రమే డ్రమ్ముకు ఆనుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. షూ లైనింగును డ్రమ్ము వంపుకు సరిపోయేలా రుద్దించి, ముందు కింది ఆధారాలు, తర్వాత పైవి సర్దాలి. పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్లే కడ్డీకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ ఆట ఉండాలి. ఆట లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, నూనె తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. బండి నడిచేకొద్దీ వేడికి నూనె వ్యాకోచించి బ్రేకులు తమంతట తామే పట్టేస్తాయి. పది కిలోమీటర్లు బాగానే వెళ్లి తర్వాత డ్రమ్ములు కాలిపోతున్నాయంటే మొదట చూడాల్సింది ఈ ఖాళీనే.

పాత మాస్టర్ సిలిండర్‌లో నాలుగు చక్రాలకూ ఒకే దారి. ఒక్క రబ్బరు కప్పు చీలితే నాలుగూ పోతాయి. దీనికి బదులు నేల కింద కనబడకుండా రెండు దారుల సిలిండర్ పెట్టడం సాంప్రదాయ భంగమని కొందరంటారు. నా అభిప్రాయం అందుకు పూర్తిగా వ్యతిరేకం. 1940ల్లో ఆ కుర్రాళ్లు కడ్డీ బ్రేకులు తీసేసి హైడ్రాలిక్ పెట్టింది అంతకంటే మంచిది దొరికిందనే. అదే ఆలోచనను ఇవాళ కొనసాగించడంలో తప్పేముంది? ఆ సిలిండర్ చక్రాల సిలిండర్ల కంటే కిందుంటే మాత్రం పైపులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే 10 పౌండ్ల రెసిడ్యువల్ వాల్వు పెట్టాలి, లేకపోతే నూనె వెనక్కి జారి మొదటి తొక్కు ఖాళీగా పోతుంది.

వెనక ఇరుసు గురించి ఒకటి రెండు మాటలు చాలు. మోడల్ ఎ వెనక కమాను కట్ట ఇరుసు నెత్తిమీదే ఉంటుంది, 1940 బండిలో ఆ కట్ట ఇరుసుకు వెనకగా ఉంటుంది. అడ్డ దూలాన్ని జరపకుండా 1940 ఇరుసు తగిలిస్తే చక్రాలు ముందుకు జరిగిపోతాయి. టార్క్ ట్యూబును ఇంజనూ ఇరుసూ చోటుకు కుదిరాక కొలిచి కురచ చేయాలి, కాగితం లెక్కలతో కోయొద్దు. చక్రం హబ్బు కూర్చునే శంఖు ఆకారపు కొసను వాల్వు గ్రైండింగ్ పేస్టుతో రుద్ది హబ్బు అంతా ఆనేలా చూడండి. ఆనకపోతే భారమంతా చిన్న కీ మీద పడి అది తెగుతుంది. వెనక 7.50-16 టైర్లు చూపుకోసమే అనుకుంటారు. చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు 3.78 చుట్లు తిరిగే ఇరుసుకు అంత ఎత్తు టైరు వేస్తే గంటకు 60 మైళ్ల దగ్గర ఇంజన్ సుమారు 2,400 చుట్లే తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ లేని బండికి ఆ టైరే ఓవర్‌డ్రైవ్.

ఇక ఇంజన్. ఫ్లాట్‌హెడ్‌లో వాల్వులు సిలిండర్ పక్కన బ్లాకులోనే ఉంటాయి. కాలిన పొగ బ్లాకు మధ్యలోంచే బయటికి పోతుంది. ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకు మూడే పొగ దారులు. మధ్యలో రెండు సిలిండర్లు ఒకే దారి పంచుకుంటాయి. ఆ వేడంతా నీళ్లకు ఎక్కుతుంది. ఈ ఇంజన్ వేడెక్కుతుందనే పేరు అందుకే వచ్చింది. కానీ నిజంగా వేడెక్కే ఇంజన్లలో తప్పు ఎక్కువగా శుభ్రం చేయడంలోనే ఉంటుంది. ఫౌండ్రీలో పోత పోసినప్పటి ఇసుక, దాన్ని పట్టి ఉంచిన తీగముక్కలు, 70, 80 ఏళ్ల తుప్పు అన్నీ నీటి దారుల అడుగున గడ్డకట్టి ఉంటాయి. కెమికల్ తొట్టెలో ముంచితే పైపైన పోతుంది, అంతే. తర్వాత గట్టి తీగ, గొలుసు ముక్కలతో ప్రతి రంధ్రంలోంచీ పొడిచి రాల్చాలి. చేటెడు మట్టి రాలుతుంది. బ్లాకును తిరగేసి ఊపినప్పుడు గరగరమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా పని అయినట్టు కాదు.

బోర్ కొట్టించడానికి ముందే పగుళ్లు బయటపెట్టే అయస్కాంత పరీక్ష చేయించండి. హెడ్ బోల్టు రంధ్రం నుంచి నీటి రంధ్రానికి చిన్న పగుళ్లు మామూలే. వాల్వు సీటు నుంచి సిలిండర్‌లోకి పాకిన పగులు ఉంటే ఆ బ్లాకును వదిలేయడమో, తెలిసినవాళ్లతో బాగు చేయించడమో చేయాలి. గుర్తుంచుకోవాల్సింది మరొకటి: హెడ్ స్టడ్‌లు నీటిలోకి దిగుతాయి, మరలకు సీలెంటు లేకుండా బిగిస్తే నీళ్లు స్టడ్ వెంట ఎగబాకుతాయి. మోడల్ ఎ సొంత చల్లదనం వ్యవస్థలో మొత్తం సుమారు 11 లీటర్ల నీళ్లు. వి8 ఫోర్డు బండిలో 20 లీటర్ల పైచిలుకు. పాత రేడియేటర్‌తో సరిపెట్టుకుందామంటే కుదరదు. రెండు పంపులకూ విడివిడిగా నీరు అందించే, మందం ఎక్కువున్న రేడియేటర్ కావాలి. 59ఎ నీటి పంపులే ముందు ఇంజన్ మౌంటులు కూడా, అందుకే పంపు బాగుచేయాలంటే ఇంజన్‌కి జాకీ పెట్టాల్సి వస్తుంది. కొత్త పంపులు ముందే వేసుకోండి.

బలం సంగతికి ఆఖర్న వస్తున్నాను, దాని చోటు కూడా అదే. 59ఎ బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 3 3/16 అంగుళాలు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 3 3/4, మొత్తం 239 ఘనపు అంగుళాలు. ఫోర్డు సంస్థదే అయిన మెర్క్యురీ బండి 1949-53 క్రాంక్ వేస్తే స్ట్రోకు 4 అంగుళాలు అవుతుంది, బోరు 3 5/16కి పెంచితే 276 వస్తుంది. వీధి బండికి ఇంతకంటే అక్కర్లేదు. కంప్రెషన్‌ని, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కే నిష్పత్తిని, బాగా పెంచాలన్న ఆశ ఈ ఇంజన్‌లో నెరవేరదు. హెడ్ గదిని చిన్నది చేసేకొద్దీ వాల్వు నుంచి సిలిండర్‌లోకి గాలి దాటే దారి ఇరుకైపోతుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కున్నట్టు. దాదాపు 8:1 దగ్గర ఆగడం మంచిది.

కార్బురేటర్లు ఎన్ని? లెక్క వేద్దాం. 239 ఘనపు అంగుళాల ఇంజన్ 4,000 చుట్ల దగ్గర, పూర్తిగా నిండినా, నిమిషానికి 277 ఘనపుటడుగుల గాలి మింగుతుంది. నిజంగా అంత నిండదు కూడా. ఈ బండ్లకు వాడే స్ట్రాంబర్గ్ 97 కార్బురేటర్ ఒక్కోటి సుమారు 150 ఇస్తుంది. రెండు చాలు. మూడోది పెడితే సర్దుబాటు పని, పెట్రోలు కారే చోట్లు పెరగడం తప్ప వీధిలో లాభం లేదు. ఈ 97లకు పెట్రోలు ఒత్తిడి రెండున్నర పౌండ్లు దాటకూడదు. దాటితే సూది తన సీటు మీద నిలవదు, పెట్రోలు పొంగుతుంది. ఇవాళ్టి ఎలక్ట్రిక్ పంపు పెట్టినవాళ్లు రెగ్యులేటర్, మీటరు రెండూ పెట్టుకోవాలి. ఫ్లోటు మట్టం 15/32 అంగుళం. జెట్టు 0.045తో మొదలుపెట్టి ప్లగ్గు రంగు చూసి దించుకుంటూ రండి. రెండు కార్బురేటర్ల గాలినీ మీటరుతో సమానం చేశాకే లింకు కడ్డీ తగిలించాలి. తగిలించి సమానం చేయాలని చూస్తే ఒకటి ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంటుంది.

రంగు మీ ఇష్టం. ఆ కాలపు బండ్లలో ముదురు నీలం, మెరూన్, నలుపు అందంగా మెరిసేవి ఎన్నో ఉన్నాయి. కొనలేనివాళ్లు ప్రైమరుతో తిప్పారు, కొనగలిగిన రోజున రంగు వేయించారు. తుప్పును వార్నిషు కింద బిగించి చూపించడం వాళ్ల పని కాదు.

మొదటిసారి రోడ్డెక్కే రోజున పదిహేను కిలోమీటర్లకు మించొద్దు. తిరిగొచ్చాక డ్రమ్ములు నాలుగూ చేత్తో తాకి చూడండి, ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే ఆ చక్రం విప్పండి. వెనక ఇరుసు కొస నట్లు మళ్లీ బిగించండి. అల్యూమినియం హెడ్‌లు వేసి ఉంటే ఇంజన్ రాత్రంతా చల్లారాక, పొద్దున్నే, మధ్య స్టడ్ నుంచి బయటికి వరసగా టార్క్ రెంచితో మళ్లీ చూసుకోండి. వేడి మీద బిగిస్తే కొలత తప్పుగా వస్తుంది, అల్యూమినియం ఉబ్బి ఉంటుంది కాబట్టి. రెండో మూడో విడతల తర్వాత ఏ నట్టూ కదలదు. అప్పుడు రేడియేటర్ మూత తీసి నీళ్ల మీద నూనె తెట్టు ఉందేమో చూడండి, లేకపోతే యాభై కిలోమీటర్లు వెళ్లి రావచ్చు.